లెక్క తేలింది, ఉద్యోగం తేలలేదు: పెద్ద టెక్ సంస్థల ఇంటర్వ్యూ అనుభవాలు

నాలుగో_రౌండు

సభ్యులందరికీ నమస్కారం. ఒక పెద్ద టెక్నాలజీ సంస్థలో సాఫ్ట్‌వేర్ ఇంజినీరు ఉద్యోగానికి నేను హాజరైన ఇంటర్వ్యూల గురించి రాస్తున్నాను. సంస్థ పేరు చెప్పను. చెబితే చర్చ ఆ సంస్థ మంచిచెడ్డల మీదికి మళ్లుతుంది, నాకు కావలసింది అది కాదు. రెజ్యూమె పంపిన మూడు వారాలకు రిక్రూటర్ ఫోను చేశారు. తొంభై నిమిషాల ఆన్‌లైన్ పరీక్షలో ఇచ్చిన రెండు ప్రాబ్లమ్స్‌నూ చేశాను. ఆ పైన ఒక ఫోన్ రౌండు, అది దాటాక రెండు రోజుల్లో నాలుగు రౌండ్లు జరిగాయి: రెండు కోడింగ్, ఒకటి సిస్టమ్ డిజైన్, ఒకటి గతంలో చేసిన పని గురించి.

నన్ను ఇప్పటికీ వదలనిది రెండో కోడింగ్ రౌండు. కొన్ని పనుల జాబితా ఇచ్చి, ఏది ముగిశాక ఏది మొదలుపెట్టాలో నియమాలు చెప్పి, అన్నీ పూర్తయ్యేలా ఒక వరుస కనిపెట్టమన్నారు. ప్రశ్న సగం వినేసరికే ఇది టోపలాజికల్ సార్ట్ అని తెలిసిపోయింది. అదే ప్రాబ్లమ్‌ను అంతకు ముందు రెండు మూడు రూపాల్లో చేసి ఉన్నాను. తల వంచుకుని రాయడం మొదలుపెట్టి పద్నాలుగు నిమిషాల్లో ముగించాను. ఇంటర్వ్యూ చేసినాయన ఇచ్చిన మూడు ఉదాహరణలకూ సరైన జవాబు వచ్చింది. ఆయన కాసేపు తెర వంక చూసి, "ఇంకేమైనా చెప్పాలనుకుంటున్నారా?" అని అడిగారు. "లేదండీ, అయిపోయింది" అన్నాను. ఇంకా పాతిక నిమిషాలు మిగిలే ఉన్నాయి. ఆయన తన టీమ్ గురించి నాలుగు మాటలు చెప్పి సెలవు తీసుకున్నారు. ఆ రౌండు నెగ్గేశానని అప్పుడే ఇంట్లో కూడా చెప్పేశాను.

తొమ్మిది రోజుల తరవాత రెండు వాక్యాల ఈమెయిల్ వచ్చింది. రిక్రూటర్‌ను బతిమాలితే ఫోనులో ఒక్క ముక్క చెప్పారు: మిగిలిన రౌండ్లు ఫరవాలేదట, బలహీనంగా ఉన్నది రెండో కోడింగ్ రౌండేనట! అదే వారం అదే సంస్థలో ఇంటర్వ్యూకు వెళ్లిన నా స్నేహితురాలు ఒక రౌండులో కోడ్ పూర్తి చేయలేకపోయింది, ఆమెకు ఆఫర్ వచ్చింది. ఆమె మీద నాకు అసూయ లేదు (కొంచెం ఉంది). లెక్క తేలినవాడికి ఉద్యోగం ఎందుకు తేలలేదో తెలిసినవారు చెప్పగలరు. మీ అనుభవాలు కూడా వీలైనంత వివరంగా రాయండి.

తెరవెనుక

నాలుగో రౌండు గారూ, నేను ఆరేళ్ల పాటు బల్లకు అవతలి వైపు కూర్చున్నవాణ్ణి. ఇలాంటి పెద్ద సంస్థ ఒకదానిలోనే రెండు వందలకు పైగా ఇంటర్వ్యూలు చేశాను. మీ ఇంటర్వ్యూ నేను చూడలేదు కనుక మీ విషయంలో తీర్పు చెప్పలేను. కానీ మీరు రాసిన పద్నాలుగు నిమిషాలను నేను చాలాసార్లు బల్ల ఇవతల నుంచి చూశాను కాబట్టి, అప్పుడు నేను ఏం రాసేవాణ్ణో చెప్పగలను.

ముందుగా అభ్యర్థులు చాలామంది గుర్తించని విషయం ఒకటుంది. మిమ్మల్ని తీసుకోవాలా వద్దా అన్నది మీతో మాట్లాడిన వ్యక్తి ఒక్కరే నిర్ణయించరు. గూగుల్‌లో ఇంటర్వ్యూ చేసినవారి రాతలన్నీ హైరింగ్ కమిటీకి వెళ్తాయి. ఆ కమిటీలో కూర్చున్నవారు మీ ముఖం చూసి ఉండరు, మీ గొంతు విని ఉండరు. అమెజాన్‌లో ఇంటర్వ్యూలు చేసినవారంతా చివర ఒకచోట చేరి చర్చించుకుంటారు, అందులో బార్ రైజర్ అనే వ్యక్తి నియామకం జరిగే టీమ్‌కు సంబంధించనివారై ఉంటారు. ఆ టీమ్‌కు మనిషి అవసరం ఎంత తొందరగా ఉన్నా ఆ తొందర అంటనివారు ఒకరు ఉండాలన్నది దాని ఉద్దేశం. పద్ధతులు వేరైనా రెండు చోట్లా జరిగేది ఒకటే: గదిలో జరిగినది కాదు, ఫీడ్‌బ్యాక్ పత్రంలోకి ఎక్కినది మాత్రమే ముందుకు వెళ్తుంది.

మా పత్రంలో నాలుగు గడులు ఉండేవి: ప్రశ్నను ఎలా అర్థం చేసుకున్నారు, ఏ మార్గాలు ఆలోచించి ఏది ఎందుకు ఎంచుకున్నారు, కోడ్ ఎలా ఉంది, తమ తప్పులను తామే ఎలా పట్టుకున్నారు. ప్రతి గడిలోనూ అభిప్రాయం రాస్తే చాలదు, ఆ అభిప్రాయానికి ఆధారంగా అభ్యర్థి అన్న మాటో చేసిన పనో రాయాలి. ఇప్పుడు మీ రౌండుకు నేనైతే ఏం రాస్తానో చూడండి. మూడో గడి నిండుతుంది: "శుభ్రమైన కోడ్, మూడు ఉదాహరణలకూ సరైన ఫలితం." మొదటి గడిలో ఏం రాయను? మీరు ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. రెండో గడిలో ఏం రాయను? వేరే మార్గం గురించి మీరు మాట్లాడలేదు. నాలుగో గడి కూడా ఖాళీయే. పైగా నాకొక అనుమానం మొదలవుతుంది, ఇది ఆలోచించి రాసినదా, కంఠస్థం చేసి అప్పజెప్పినదా అని. ఆ అనుమానానికి ఆధారం లేదు, అది లేదనడానికీ ఆధారం లేదు. పత్రం చదివే కమిటీకి మాత్రం నాలుగింట మూడు ఖాళీ గడులు కనిపిస్తాయి.

ఆ "ఇంకేమైనా చెప్పాలనుకుంటున్నారా?" అన్న ప్రశ్న మర్యాదకు అడిగినది కాదండీ. అది మునుగుతున్నవారికి విసిరిన తాడు. ఈ పనుల్లో రెండు ఒకదాని కోసం ఒకటి ఎదురుచూస్తుంటే మీ కోడ్ ఏం చేస్తుంది? వేరే ఏ పని కోసమూ ఆగనక్కరలేని పనులను వరుసగా తీసుకుంటూ పోయి, చివరికి వరుసలోకి వచ్చిన పనుల సంఖ్య మొత్తం కంటే తక్కువైతే చక్రం ఉన్నట్టే. బహుశా మీ కోడ్‌లో ఆ పరీక్ష ఉండే ఉంటుంది. ఉందని మీరు చెప్పారా?

నాలుగో_రౌండు

ఆ పరీక్ష కోడ్‌లో ఉంది. కోడ్ చివరి లైనులో, చక్రం ఉంటే ఖాళీ జాబితా తిరిగి ఇచ్చేలా రాశాను. చెప్పలేదు. కనిపిస్తోంది కదా అనుకున్నాను.

సగం_కోడు

ఇతను చెప్పిన స్నేహితురాలిని నేనే. అసూయ కొంచెమేనని రాశావు, సంతోషం.

నా విషయం చెబుతాను. ఇచ్చిన ప్రశ్న క్రమంలో ఉన్న పెద్ద జాబితాలో వెతకడానికి సంబంధించినది, బైనరీ సెర్చ్ దాని గుండెకాయ. నేను మొదటి పది నిమిషాలు ప్రశ్నలే అడిగాను: ఒకే విలువ రెండుసార్లు రావచ్చా, జాబితా ఖాళీగా ఉండవచ్చా, ఎంత పెద్దది కావచ్చు. తరవాత ఒక్కొక్కటిగా చూసుకుంటూ పోయే మార్గం చెప్పి, పది లక్షల అంశాలుంటే పది లక్షల సార్లు చూడవలసి రావచ్చనీ, సగానికి సగం తగ్గించుకుంటూ పోతే ఇరవై సార్లలో తేలిపోతుందనీ చెప్పాను. ఆ తరవాతే రాయడం మొదలుపెట్టాను.

సగం రాశాక ఇంటర్వ్యూ చేస్తున్న ఆవిడ నన్ను ఆపి, మధ్య స్థానాన్ని లెక్కించే కోడ్ వరుస మీద కర్సర్ పెట్టి, "ఈ వరుస ఎప్పుడైనా తప్పు చేస్తుందా?" అని అడిగారు. ఆ వరుసలో మొదటి స్థానాన్నీ చివరి స్థానాన్నీ కూడి రెండుతో భాగించాను. నాకు వెంటనే తోచలేదు. "ఒక నిమిషం ఇవ్వండి" అని, పైకి మాట్లాడుతూనే ఆలోచించాను: భాగహారం వల్ల తప్పు రాదు, సగం అంకె వస్తే కింది పూర్ణాంకానికి దిగుతుంది, అది మనకు అడ్డు కాదు, మరి కూడిక? 32 బిట్ల పూర్ణాంకం 2,14,74,83,647 దాటదు; రెండు స్థానాలూ 108 కోట్లు దాటి ఉంటే మొత్తం ఆ హద్దు దాటిపోయి రుణ సంఖ్యగా మారుతుంది. "జాబితా అంత పెద్దదైతే తప్పు చేస్తుంది" అన్నాను. "మరెలా?" అన్నారు. తేడాలో సగాన్ని మొదటి స్థానానికి కలిపేలా మార్చాను. ఆ ఒక్క వరుస మీద ఎనిమిది నిమిషాలు పోయాయి. మిగిలిన కోడ్ పూర్తి కాలేదు. చివరి రెండు నిమిషాల్లో ఏం మిగిలిందో, దాన్ని ఎలా రాసేదాన్నో నోటితో చెప్పి ముగించాను. బయటికి వచ్చి ఏడ్చాను, ఆ సంగతి ఇతనికి తెలుసు.

తెరవెనుక గారి గడులు చూశాక ఇప్పుడు అర్థమవుతోంది, నా నాలుగు గడుల్లోనూ ఏదో ఒకటి పడి ఉంటుంది.

పాత_సర్వర్

సగం కోడు గారూ, ఆ వరుసకు చరిత్ర ఉంది. 2006లో జాషువా బ్లాక్ అదే తప్పు జావా ప్రామాణిక లైబ్రరీలోని బైనరీ సెర్చ్‌లోనూ ఉందని రాశారు. ఆ కోడ్ రాసినది తానేననీ, అది తొమ్మిదేళ్ల దాకా ఎవరి కంటా పడలేదనీ ఆయనే చెప్పుకున్నారు. ఒక నిమిషంలో తట్టనందుకు మీరు సిగ్గుపడనక్కరలేదు.

మౌనమే_నా_భాష

ఇంతవరకు వచ్చిన సమాధానాలన్నీ చదివాను, నాకు కోపం వచ్చింది. అంటే ఇక్కడ తేలుతున్నదేమిటి? పని చేసినవాడికి రాలేదు, పని గురించి మాట్లాడినవారికి వచ్చింది. సగం కోడు గారి ప్రతిభను నేను తక్కువ చేయడం లేదు. నా అభ్యంతరం పద్ధతి మీద.

నేను పదకొండేళ్లుగా ప్రోగ్రాములు రాస్తున్నాను. ఆలోచించేటప్పుడు నా నోరు పని చేయదు, నోరు పని చేసేటప్పుడు ఆలోచన ఆగిపోతుంది. ఇది నా ఒక్కడి బలహీనత కాదనడానికి ఆధారం ఉంది. 2020లో నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ, మైక్రోసాఫ్ట్ పరిశోధకులు 48 మంది విద్యార్థులకు ఒకే ప్రాబ్లమ్ ఇచ్చి, కొందరిని పరీక్షకుడి ఎదుట వైట్‌బోర్డు మీద మాట్లాడుతూ చేయమన్నారు, మిగిలినవారిని ఒంటరిగా గదిలో వదిలేశారు. పక్కన ఒక మనిషి చూస్తున్నంత మాత్రాన పనితీరు సగానికి పైగా పడిపోయింది. ఎదుట చేసిన స్త్రీలు అందరూ తప్పారు, ఒంటరిగా చేసిన స్త్రీలు అందరూ నెగ్గారు. చిన్న గుంపే, దాని మీద పెద్ద సిద్ధాంతం కట్టను. కానీ ఆ పరీక్ష కొలిచింది ప్రోగ్రామింగునా, సభాకంపాన్నా?

2015లో మాక్స్ హోవెల్ రాసిన ట్వీట్ ఇక్కడ చాలామందికి గుర్తుండే ఉంటుంది. తాను తయారుచేసిన హోమ్‌బ్రూను (మ్యాక్ కంప్యూటర్లలో ప్రోగ్రాములు ఎక్కించుకునే సాధనాన్ని) గూగుల్ ఇంజినీర్లలో తొంభై శాతం వాడుతున్నా, వైట్‌బోర్డు మీద బైనరీ ట్రీని (రెండేసి కొమ్మలుగా చీలుతూ పోయే డేటా అమరికను) తిరగేయలేకపోయినందుకు తనను వద్దన్నారని ఆయన వాపోయారు. పని చూపించిన మనిషిని పక్కన పెట్టి మాట చూపించిన మనిషిని తీసుకునే పద్ధతిని పట్టుకుని, గడులు ఎలా నింపాలో ఒకరికొకరు నేర్పుకుంటున్నాం మనం.

తెరవెనుక

మౌనం గారూ, మీ కోపంలో సగానికి పైగా న్యాయం ఉంది, మిగిలినదానితోనే నా పేచీ.

హోవెల్ గారి విషయంలో గమనించవలసినది ఒకటుంది. కొన్నేళ్ల తరవాత ఆయనే, ఆ ట్వీట్ అంత పూర్తి చిత్రం కాదనీ, తనలో కూడా లోపాలున్నాయనీ రాశారు. అయినా ఆ మాట అంత దూరం పాకిందంటే చాలామందికి తగలవలసిన చోట తగిలిందనే అర్థం.

గడుల విషయం చెబుతాను. ఆ గడులు లేని రోజుల్లో ఏం జరిగేదో కూడా చూశాను. ఇంటర్వ్యూ చేసేవారు తమకు నచ్చిన ప్రశ్న అడిగి, తమకు నచ్చినట్టు మాట్లాడినవారిని తీసుకునేవారు. మ్యాన్‌హోల్ మూతలు గుండ్రంగా ఎందుకుంటాయన్న తరహా పొడుపుకథలు ఆ కాలానివే. గూగుల్ మానవ వనరుల విభాగానికి అధిపతిగా ఉన్న లాస్లో బాక్ 2013లో అవి పూర్తిగా కాలయాపన అని బాహాటంగానే అన్నారు. అవి దేన్నీ ముందుగా చెప్పలేవనీ, అడిగేవారికి తాము తెలివైనవారమన్న తృప్తి ఇవ్వడానికే పనికొస్తాయనీ ఆయన వివరణ. పరిశోధనలు కూడా ఇంచుమించు అటే చూపుతున్నాయి. ఇంటర్వ్యూలో వచ్చిన అంచనాకూ, తరవాత ఉద్యోగంలో కనబరచిన పనికీ ఎంత పొంతన ఉందో సున్నా నుంచి ఒకటి దాకా కొలుస్తారు. అందరికీ ఒకే ప్రశ్నలు, ఒకే గడులు ఉన్న ఇంటర్వ్యూకు 1998లో ష్మిట్, హంటర్ వేసిన లెక్క 0.51. 2022లో సాకెట్ బృందం పాత లెక్కలను సరిదిద్ది దాన్ని 0.42కు దించింది, అయినా వాళ్లు చూసిన పద్ధతుల్లో అదే ముందుంది. ఇష్టం వచ్చినట్టు సాగే ఇంటర్వ్యూకు ఆ సవరించిన లెక్కలో 0.19 వచ్చింది. 0.42 అన్నది గొప్పగా చెప్పుకోదగిన అంకె కాదు, దాని అర్థం బోలెడంతమంది మంచివారు జారిపోతున్నారనే. నేను కూడా జార్చాను. ఇద్దరి ముఖాలు ఇప్పటికీ గుర్తున్నాయి.

ఇక నోరూ ఆలోచనా ఒకేసారి పని చేయవన్న మాట. చేయనక్కరలేదండీ. "రెండు నిమిషాలు మౌనంగా ఆలోచించుకుంటాను, తరవాత చెబుతాను" అని చెప్పి నిజంగానే రెండు నిమిషాలు నోరు మూసుకున్నవారికి నేను ఎన్నడూ మార్కు తగ్గించలేదు. తగ్గేది ఆ రెండు నిమిషాల తరవాత కూడా నాకు ఏమీ తెలియకపోతేనే.

రెండో_ఇన్నింగ్స్

నేను నాలుగేళ్లు ఉద్యోగం మానేసి, మళ్లీ ఈ ఏడాదే ఇంటర్వ్యూలకు వెళ్లాను. కోడింగ్ సాధన అందరూ చెబుతారు కనుక దాని జోలికి పోను. నన్ను దెబ్బతీసింది, నేను అసలు సిద్ధమే కాని రౌండు: గతంలో చేసిన పని గురించి అడిగే బిహేవియరల్ రౌండు.

దానికి ఎవరైనా సిద్ధమవుతారా, జరిగింది చెప్పడమే కదా అనుకున్నాను. హైరింగ్ మేనేజర్, "గడువు దాటిపోయే పరిస్థితిలో ఏం చేశారో ఒక సందర్భం చెప్పండి" అన్నారు. పాత ఉద్యోగంలో ఒక రాత్రి డేటాబేస్ మార్పిడి మధ్యలో ఆగిపోయిన కథ చెప్పాను. మేము చూశాము, మేము వెనక్కి తీసుకున్నాము, మేము కారణం కనిపెట్టాము, మేము మర్నాడు మళ్లీ చేశాము. ఆయన ఓపికగా విని, "బాగుంది. ఇందులో మీ చెయ్యి ఎంత?" అన్నారు.

నాకు మాట రాలేదు. ఆ రాత్రి వెనక్కి తీసుకుందామన్న నిర్ణయం నాది. వద్దన్న ఇద్దరు సీనియర్లను ఒప్పించింది నేను. లాగ్‌లో కారణం పట్టుకున్నది మాత్రం వేరే సహోద్యోగి. "నేను" అని చెప్పుకోవడం డప్పు కొట్టుకున్నట్టుగా ఉంటుందన్న పెంపకం మనది. "మేము" అనడం మర్యాద. కానీ తెరవెనుక గారు చెప్పినట్టు పత్రంలో "మేము"కు గడి లేదు, అక్కడ ఉద్యోగానికి వచ్చింది నేను ఒక్కదాన్నే. ఆ సంస్థలో రాలేదు.

తరవాతి సంస్థకు వెళ్లే ముందు ఎనిమిది సందర్భాలు కాగితం మీద రాసుకున్నాను. ప్రతిదానికీ పరిస్థితి ఏమిటి, నా మీద పడిన బాధ్యత ఏమిటి, నేను ఏం చేశాను, ఏం ఫలితం వచ్చింది అన్న నాలుగు ముక్కలు. "మేము" అన్న చోటల్లా ఎర్ర సిరాతో గీత గీసి, ఆ పని ఎవరు చేశారో పేరుపేరునా తేల్చుకున్నాను. రెండు కథల్లో నేను చేసిందేమీ లేదని తేలింది, వాటిని తీసేశాను! అమెజాన్ వంటి చోట లీడర్‌షిప్ ప్రిన్సిపుల్స్ అని పదహారు సూత్రాలున్నాయి, అడిగే ప్రశ్నలు వాటి చుట్టూనే తిరుగుతాయి. సూత్రాలను బట్టీ పట్టడం వల్ల ఒరిగేది తక్కువ. ఒక్కో కథ ఏ రెండు మూడు సూత్రాలకు జవాబవుతుందో ముందే చూసుకుంటే చాలు. ఓడిపోయిన కథ ఒకటైనా ఉంచుకోండి. తప్పకుండా అడుగుతారు, అప్పటికప్పుడు వెతుక్కుంటే అందరికీ "నేను మరీ ఎక్కువ కష్టపడతాను" అన్న లోపమే దొరుకుతుంది.

పాత_సర్వర్

సిస్టమ్ డిజైన్ గురించి ఎవరూ రాయలేదు కనుక నా పరాభవం రాస్తాను. పదహారేళ్ల అనుభవంతో వెళ్లాను. పొడవైన వెబ్ చిరునామాలను పొట్టిగా చేసే సేవను రూపొందించమన్నారు. ఇది తెలియనిదెవరికి? వెంటనే లోడ్ బ్యాలెన్సర్, నాలుగు సర్వర్లు, క్యాష్ (తరచూ అడిగే సమాచారాన్ని చేతికందేలా ఉంచే చోటు), మెసేజ్ క్యూ, ఇరవై ముక్కలుగా విడదీసిన డేటాబేస్, అన్నీ గీసేశాను. ఇంటర్వ్యూ చేస్తున్న అమ్మాయి వయసు నా అనుభవమంత కూడా ఉండదనిపించింది. బొమ్మ అంతా చూసి, "రోజుకు ఎన్ని కొత్త లింకులు వస్తాయనుకుంటున్నారు?" అని అడిగింది.

నేను అడగవలసిన ప్రశ్న అది. రోజుకు పది కోట్లు అనుకుందామంది. రోజుకు 86,400 సెకన్లు, అంటే సెకనుకు సుమారు 1,157 రాతలు. ఇంగ్లీషు పెద్ద, చిన్న అక్షరాలూ అంకెలూ కలిపి 62 గుర్తులతో ఏడు స్థానాల పొట్టి పేరు పెడితే దాదాపు 3.52 లక్షల కోట్ల పేర్లు దొరుకుతాయి. ఏడాదికి 3,650 కోట్లు ఖర్చయినా తొంభై ఆరేళ్లు సరిపోతాయి. ఈ లెక్క రెండు నిమిషాల పని. అది వేశాక నా బొమ్మలోని క్యూ దేనికో, ఇరవై ముక్కలు దేనికో నేను సమర్థించుకోలేకపోయాను. చదివేవారు రాసేవారికంటే ఎన్నో రెట్లుంటారు కనుక క్యాష్ ఒక్కటే నిలబడింది.

ఉద్యోగం ఇచ్చారు, కానీ ఒక లెవెల్ తగ్గించి. రిక్రూటర్ చెప్పిన కారణం: "పరిష్కారాలు బాగా తెలుసు, సమస్య ఏమిటో అడగలేదు." పదహారేళ్లు నేను నా జూనియర్లను తిట్టిన తిట్టు అది. చేరాను.

ఆఫర్_ఆవిరి

గడులన్నీ నిండినా రాకపోవడం కూడా ఉంటుంది. 2022 వేసవిలో నాకు అన్ని రౌండ్లూ అయి, కమిటీ కూడా ఒప్పుకుంది. మిగిలింది టీమ్ మ్యాచింగ్ ఒక్కటే, అంటే ఏదో ఒక టీమ్ మేనేజర్ నన్ను ఎంచుకోవాలి. ఇద్దరు మేనేజర్లతో మాట్లాడాను, ఇద్దరూ సుముఖంగానే ఉన్నారు. ఆ తరవాత రిక్రూటర్ ఈమెయిళ్లు వారానికి ఒకటి, నెలకు ఒకటి అయ్యాయి. ఒకనాడు ఆ రిక్రూటర్ చిరునామాకు పంపిన ఈమెయిల్ తిరిగి వచ్చేసింది. ఆయన ఉద్యోగమే పోయింది. ఆ నవంబరులో మెటా 11,000 మందిని, మరుసటి జనవరిలో గూగుల్ సుమారు 12,000 మందిని తొలగిస్తున్నట్టు ప్రకటించాయి, అమెజాన్, మైక్రోసాఫ్ట్ కూడా అదే దారి పట్టాయి. నన్ను ఎవరూ కాదనలేదు. అవునని చెప్పేవారు మిగలలేదు, అంతే. అందుచేత రాతపూర్వకంగా ఆఫర్ చేతికి రానంతవరకు ఉన్న ఉద్యోగానికి రాజీనామా ఇవ్వకండి. నేను ఇవ్వలేదు కనుక ఇవాళ ఇది తీరిగ్గా రాస్తున్నాను.

కొత్త_చేరిక

నాదొక సందేహం. ఇంటర్వ్యూ ఎలాగూ వీడియో కాల్‌లోనే కదా. పక్క తెర మీద ఏఐ సాయం తీసుకుంటే పట్టుకోగలరా? నేను తీసుకుంటానని కాదు.

వేదిక_నిర్వాహకులు

సాయం తీసుకునే ఉపాయాలు, ఫలానా సంస్థ ఈ వారం అడుగుతున్న ప్రశ్నలు ఈ చర్చలో రాయవద్దని మనవి. అనేక సంస్థలు అభ్యర్థుల నుంచి గోప్యతకు అంగీకారం తీసుకుంటాయి. పట్టుకోగలరా అన్న ప్రశ్నకు మాత్రం ఎవరైనా సమాధానం ఇవ్వవచ్చు.

తెరవెనుక

కొత్త చేరిక గారూ, ప్రతిసారీ పట్టుకోలేరు. కానీ ఎలా తెలుస్తుందో చెబుతాను. ప్రశ్న అడిగాక నాలుగైదు సెకన్లు "ఊఁ" అని సాగదీసి, కళ్లు ఒకే ఎత్తులో ఎడమ నుంచి కుడికి కదులుతూ, ఒక్క తడబాటు లేని జవాబు వస్తుంది. అప్పుడు నేను ప్రశ్నలో ఒక్క నియమం మార్చేవాణ్ణి: "ఈ నియమం ఇలా మారితే మీ కోడ్‌లో ఎక్కడ మారుస్తారు?" సొంతంగా రాసినవారు ఎక్కడ చెయ్యి పెట్టాలో వెంటనే చూపిస్తారు. అరువు తెచ్చుకున్నవారు మొత్తం మళ్లీ మొదటినుంచి చెబుతారు. ఈ బెడద పెరిగినందువల్లే 2025లో గూగుల్ అధిపతి సుందర్ పిచాయ్ కనీసం ఒక రౌండైనా ఎదురెదురుగా కూర్చుని జరిగేలా చూస్తున్నామని చెప్పారు. దానివల్ల నష్టపోయేది ఎవరో తెలుసా? మౌనం గారి లాంటివారే. ఇంట్లో తన కుర్చీలో కూర్చుని చేసే కాస్త వెసులుబాటు కూడా వారికి పోతుంది.

మౌనమే_నా_భాష

ఈ ఒక్క విషయంలో మనిద్దరికీ పేచీ లేదు, తెరవెనుక గారూ.

అయినా రెండు నిమిషాల మౌనం అడగవచ్చన్న సంగతి నాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. అడిగితే చేతకానివాడినని రాసుకుంటారేమోనని పదకొండేళ్లుగా అడగలేదు. నా అభ్యంతరం అలాగే ఉంది. అడగవచ్చని ఆ సంస్థలే మొదటి నిమిషంలో చెప్పవచ్చు కదా? చెప్పడానికి ఖర్చేమీ కాదు.

తెరవెనుక

నిజమే. నేను కూడా ఆ ఆరేళ్లలో చివరి రెండేళ్లే చెప్పాను.

నాలుగో_రౌండు

అందరికీ ధన్యవాదాలు. పోయిన ఆదివారం సగం కోడు నాకు మాక్ ఇంటర్వ్యూ చేసింది. అదే టోపలాజికల్ సార్ట్‌ను కాస్త మార్చి ఇచ్చింది. ఈసారి నేను మాట్లాడుతూనే చేశాను, నా దృష్టిలో ఆపకుండా మాట్లాడాను. అయ్యాక, "ఎలా ఉంది?" అంటే, తను ఏమీ అనకుండా రికార్డింగ్ పంపింది.

విన్నాను. నలభై నిమిషాల రికార్డింగ్‌లో నా గొంతు వినిపించింది మొదటి మూడు నిమిషాలు. తరవాత పదకొండు నిమిషాలు కీబోర్డు చప్పుడు, మధ్యలో రెండు చోట్ల "సరే", ఒక చోట "కాదు కాదు". ఆ "కాదు కాదు" దగ్గర నేను క్యూకు (ముందు వచ్చినది ముందు తీసే జాబితాకు) బదులు స్టాక్ (చివర వచ్చినది ముందు తీసేది) వాడుదామా అని ఆలోచించి, దానివల్ల వరుస మారుతుందే తప్ప తప్పు రాదని తేల్చుకుని, అయినా క్యూలోనే ఉంచాలని నిర్ణయించుకున్నాను. అది మొత్తం నా తలలో ఎంత గట్టిగా వినిపించిందంటే, బయటికి చెప్పాననే నమ్మాను. సగం కోడు నింపిన పత్రంలో రెండో గడిలో ఇలా ఉంది: "అభ్యర్థి ఒక చోట 'కాదు కాదు' అన్నారు. దేన్ని కాదన్నారో తెలియదు."

ఆ సంస్థ ఏడాది దాకా మళ్లీ దరఖాస్తు చేయవద్దంది, ఇంకా ఏడు నెలలున్నాయి. వేరే చోట వచ్చే నెల ఫోన్ రౌండు ఉంది. అప్పటిదాకా ప్రతి ఆదివారం ఒక మాక్ పెట్టుకుంటున్నాం, మూడో మనిషి ఎవరైనా ఉంటే అడిగేవారు మారుతూ ఉంటారు.

సగం_కోడు

పత్రంలో నాలుగో గడికి మాత్రం మంచి మార్కే వేశాను. చక్రం సంగతి అడగకుండానే చెప్పాడు, రెండుసార్లు.

మౌనమే_నా_భాష

ఆదివారాలు నాకు వీలవుతుంది. మొదటి రెండు నిమిషాలు మాట్లాడను, ముందే చెబుతున్నాను. రాసుకోండి.